మూడో రోజున మన ఊరు

అక్కకి,

నా రాత చూసి నవ్వకు. అయిదో తరగతి తర్వాత నేను కలం పట్టుకున్నది సంతకాలకే. ఒత్తులు పడాల్సిన చోట పడవు, వరసలు కొండెక్కుతాయి. తప్పులుంటే నువ్వే సర్దుకో. అమ్మకి చదివేటప్పుడు మాత్రం తడబడకు. తడబడితే ఏదో దాస్తున్నావనుకుంటుంది.

ఫోను చెయ్యొచ్చుగా అంటావు. ఫోను ఆయన దగ్గరే ఉంటుంది, ఎవరికి చేశానో చూస్తారు. నువ్వు కూడా జవాబు ఇంటికి రాయకు. వీధి చివర బ్రెడ్డు దుకాణం ఆవిడ పేరు మీద రాయి. మంచి మనిషి, అడగకుండానే ఒప్పుకుంది.

సంగతేమిటంటే, నేను మన ఊరికి వస్తున్నాను. సైకిలు మీద.

ఆయన సైకిలు పిచ్చి నీకు తెలిసిందే. ఆరు రోజులు టైల్సు షాపులో నిలబడతారు, ఏడో రోజు తెల్లారేసరికి ఇంట్లో ఉండరు. ఇక్కడొక కంపెనీ ఉంది. ఇరవై మందిని ఈ ఊరి నుంచి బయలుదేరదీసి, ఓడలెక్కించి, ఖండం తర్వాత ఖండం సైకిళ్ళ మీద తిప్పుతుందట. ఏడాది ప్రయాణం. వెనకాలే వ్యాను వస్తుంది. పక్కలు, వంట సామాను, పనిముట్లు అన్నీ అందులోనే. వంటకి ఒకావిడ, గాయాలకి నర్సు. తొక్కేవాళ్ళు తొక్కడమే. ఈయన పేరిద్దామని వెళితే ఒంటరి సీట్లు అయిపోయాయన్నారు. జంట సైకిలొకటి మిగిలిందట. మొగుడూ పెళ్ళాం కలిసి తొక్కితే కంపెనీ ఫొటోలకి బావుంటుందట. షాపు యజమాని కూడా చొక్కా మీద తన షాపు పేరుంటే చాలని సెలవిచ్చాడు. ఆ సాయంత్రం ఆయన ఇంటికొచ్చి, పెళ్ళయ్యాక మొదటిసారి నన్నొకటి అడిగారు. "వెనక కూర్చుంటావా?" అని.

నేను ఒక్కటే అడిగాను, దారి ఎటు పోతుందని. బల్ల మీద పటం పరిచి వేలితో చూపించారు. మూడో రోజు ఆయన వేలు మన ఊరి మీదుగా పోయింది. మన ఇంటి ముందు రోడ్డే అక్కా, లారీలు పోయేది. నేను అక్కడ నా వేలు పెట్టి, ఇక్కడ ఆగుతామా అన్నాను. "దారిలోనే పడుతోందిగా. చూద్దాం" అన్నారు.

ఆయన నోట 'చూద్దాం' అంటే తక్కువ మాటా? పెళ్ళైన కొత్తలో నన్ను మీ దగ్గర దింపి రెండు రోజులు సైకిలేసుకుని తిరిగొచ్చినప్పుడు, అమ్మ ఇరుగుపొరుగు ముందు ఏమంది? "మా అల్లుడుగారికి కాళ్ళకున్న పని చేతులకి లేదమ్మా" అంది. అందరూ నవ్వారు, నువ్వు అందరికంటే గట్టిగా నవ్వావు. ఆయన నవ్వలేదు. ఆ రోజు నుంచి మీ గడప తాను తొక్కరు, నన్ను తొక్కనివ్వరు. అమ్మ పడి తుంటి ఎముక విరిగిందని తెలిసినప్పుడు కూడా పంపలేదు. ఎముకలు అవే అతుక్కుంటాయన్నారు.

అందుకే ఒప్పుకున్నాను. రోజూ తెల్లవారుతూనే సాధన. ఒంటికి అంటుకుపోయే లాగులు వేసుకుని పదిమందిలో నిలబడాలంటే మొదట్లో ప్రాణం పోయింది. తువ్వాలు చుట్టుకుని వెళితే, స్నానానికి వచ్చావా అన్నారాయన. సీటు ఒరుసుకుని కూర్చోలేను, పడుకోలేను. ముందున్నాయనకి పగ్గాలు, బ్రేకులు, గంట అన్నీ ఉంటాయి. వెనకున్నదానికి కాళ్ళే. నాకు కనిపించేది ఆయన వీపు, దాని మీద షాపు పేరు. గుంత వస్తే ముందున్నవాళ్ళు "గుంత" అని కేకెయ్యాలి, అది పద్ధతి. ఈయన వెయ్యరు. పడ్డాక ఎలాగూ తెలుస్తుందిగా అంటారు. మిగతావాళ్ళు ఆయన్ని కెప్టెన్ అంటారు, నన్ను వెనకసీటుగారు అంటారు.

ఏ సముద్రం తర్వాత ఏ దేశమో ఆయన చెబుతూనే ఉంటారు. నా చెవికెక్కదు. నా ప్రపంచం మూడో రోజు సాయంత్రానికి అయిపోతుంది. అమ్మకి చెప్పు.

నీ చిన్నది

*

ప్రియమైన అక్కకి,

నీ ఉత్తరం అందింది. బ్రెడ్డు దుకాణం ఆవిడ రొట్టెలతో పాటు సంచిలో వేసి ఇచ్చింది. అమ్మ గోడ పట్టుకుని నిలబడుతోందని రాశావు. చిన్నది వచ్చే రోజుకి గుమ్మం దాకా నడవాలని పట్టుబట్టిందని, చూడ్డానికొచ్చిన ప్రతివాళ్ళతో "మా చిన్నది ప్రపంచం చుట్టడానికి పోతూ నన్ను చూసి పోతుంది" అంటోందని రాశావు. దుకాణం మెట్ల మీదే కూర్చుని రెండుసార్లు చదివాను.

ఈ ఉత్తరం మాత్రం అమ్మకి చదవకు.

మొన్న ఆదివారం కంపెనీ హాలులో అందరినీ కూర్చోబెట్టి ఏ రోజు ఎక్కడిదాకో చెప్పారు. టూరు నడిపే పెద్దాయన గోడ మీద పటం ముందు కర్ర పట్టుకుని నిలబడ్డాడు. మూడో రోజు దారిలో లారీలు ఎక్కువట. తొక్కగలమన్నవాళ్ళు తొక్కచ్చు, వద్దనుకున్నవాళ్ళు సైకిళ్ళు వ్యాను మీదికెక్కించి ఆ ముక్క దాటెయ్యచ్చు. వ్యానులో ఎవరెవరు అని అడిగాడు. ఆయన చెయ్యెత్తారు. నా చేతులు నా ఒళ్ళోనే ఉన్నాయి. పెద్దాయన నా వైపు చూసి, మీ ఇద్దరికీ ఒక చెయ్యి చాలులే అన్నాడు. హాలంతా నవ్వింది. నేనూ నవ్వాననుకుంటాను. అలవాటు.

మధ్యలో లేచి వెనక వంటగదికి వెళ్ళాను. టూరు వంటావిడ ఆలుగడ్డలు చెక్కు తీస్తోంది. వంటే కాదు, వ్యాను నడిపేదీ ఆవిడే. గొంతు పెద్దది, మనసు అంతకంటే పెద్దది. నేనూ కత్తి తీసుకుని కూర్చున్నాను. మూడో రోజు వ్యానులోనట అన్నాను, ఏదో ఒకటి అనాలని.

ఆవిడ తలెత్తి చూసింది. "అదేంటమ్మా, నీకిప్పుడా తెలిసింది? పేరు రాయించుకున్న రోజే మీ ఆయన నన్నడిగాడు, ఆ ముక్కకి మా ఇద్దరికీ వ్యానులో చోటుంచు అని. మా ఆవిడకి లారీలంటే భయం అన్నాడు."

పేరు రాయించుకున్న రోజంటే, పటం పరిచిన రోజే. నా వేలు మన ఊరి మీద పెట్టకముందే.

ఇంటికొచ్చాక అడిగాను. ఆయన నేల మీద కాగితాలు పరుచుకుని గొలుసుకి నూనె పెడుతున్నారు.

"మూడో రోజు తొక్కుదామండీ. నాకు లారీలంటే భయం లేదు."

"నాకుంది అనుకో."

"పోనీ, మన ఊరు వచ్చినప్పుడు వ్యాను ఓ అయిదు నిమిషాలు ఆపమని..."

"అందరి కోసం నడిచే వ్యాను నీకోసం ఆపుతారా? కిటికీ పక్కన కూర్చో. మీ ఇల్లు కనిపిస్తే చూసుకో."

కోపంగా అనలేదు అక్కా. గొలుసు తిప్పుకుంటూ, ఉప్పు అందించమన్నట్టు అన్నారు. కోపంగా అని ఉంటే ఏడ్చి ఊరుకునేదాన్ని. కోడిపిల్లని గంప కిందికి రప్పించడానికి నాలుగు నూకలు జల్లినట్టు, ఆ రోజు ఆ 'చూద్దాం' నా ముందు జల్లారు. నేను ఏరుకుంటూ వెళ్ళి సీటెక్కి కూర్చున్నాను. మొగుడు ఒక్క మంచిమాట అన్నాడని ఒళ్ళు హూనం చేసుకున్నాను.

రోజూ సాధనకి వెళుతూనే ఉన్నాను. ఏం చెయ్యాలో తోచడం లేదు. అమ్మని నిలబడడం ఆపమని చెప్పలేను, నడవమనీ చెప్పలేను. నువ్వే ఏదో ఒకటి చెప్పు.

నీ చిన్నది

*

అక్కా,

ఇది మా ఇంట్లో రాయడం లేదు. వంటావిడ గదిలో, మంచం మీద మోకాలు చాపుకుని రాస్తున్నాను. కంగారుపడకు, మోకాలు చిట్లింది, అంతే. టూరు నర్సు కుట్లు వేసింది. శుక్రవారం దాకా నడవద్దంది.

బయలుదేరడానికి వారం ముందు ఫొటోల కోసం అందరినీ వంతెన మీదికి తీసుకెళ్ళారు. ఎత్తు ఎక్కాలి. ఫొటోలవాడు పైన నిలబడి, మొగుడూ పెళ్ళాలిద్దరూ నవ్వుతూ రండి అన్నాడు. నా మొహం ఎవరికీ కనపడదు, ఆయన వీపు వెనకుంటుంది. అయినా నవ్వమన్నారు. ఎక్కుతూ ఉంటే ఆయన పక్కనున్నవాళ్ళతో, "వెనక బస్తా వేసుకుని తొక్కుతున్నట్టుందిరా బాబూ" అన్నారు. అది కొత్త మాటేం కాదు, రోజూ అనేదే. రోజూ నవ్వేవాళ్ళే నవ్వారు.

జంట సైకిలుకి ముందు పెడళ్ళూ వెనక పెడళ్ళూ ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి. ఒకరు తొక్కితేనే ఇంకొకరిది తిరుగుతుంది. ఇన్నాళ్ళూ ఆయన తిప్పితే నా కాళ్ళు తిరగాలనే అర్థం చేసుకున్నాను. ఆ ఎత్తులో, బస్తా అన్నాక, నేను కాళ్ళు బిగించాను. జారాయని అబద్ధం చెప్పను నీకు. కావాలనే బిగించాను. ఆయన కాళ్ళూ ఆగిపోయాయి. "తొక్కు" అన్నారు. తొక్కలేదు. "తొక్కవే" అని అరిచారు. సైకిలు ఒక్క క్షణం అలాగే నిలబడి, పక్కకి ఒరిగింది. ఇద్దరం పడ్డాం.

ఆయన ముందు లేచి సైకిలు లేపారు. అప్పుడు నన్ను చూశారు.

"పదిమందిలో పరువు తీశావు. ఏమొచ్చింది నీకు?"

"గుంత వచ్చిందండీ. చెప్పడం మర్చిపోయాను."

రోడ్డు నున్నగా ఉంది. అందరూ రోడ్డు వంకే చూశారు, ఎవరూ నవ్వలేదు. నేను కుంటుకుంటూ పెద్దాయన దగ్గరికెళ్ళి, నేను రానండీ అన్నాను. పరాయి మగవాడితో అంత గట్టిగా మాట్లాడటం నాకు అదే మొదలు. మా ఆయన నా పక్కకొచ్చి, నాకొక్కదానికే వినపడేలా అన్నారు. "దిగితే దిగు. మీ గడప తొక్కావో, మా గడప మర్చిపో." మళ్ళీ సైకిలు దగ్గరికెళ్ళి, కమ్మీ వంగిందేమోనని నిమిరి చూసుకున్నారు.

ప్రయాణం ఆగలేదులే. రిటైరైన బ్యాంకాయన ఒకాయన నా సీటుకి ఒప్పుకున్నాడు. మంచి భారీ మనిషి. మొదటి సాధనలోనే "గుంత వస్తే నోరు పెగలదేమయ్యా నీకు" అని నడిరోడ్డు మీద కేకలేశాడట. ఇప్పుడు మా ఆయన ప్రతి గుంతకీ, ప్రతి రాయికీ అరుస్తున్నారట. వంటావిడ ఇది చెప్పి పొట్ట పట్టుకుని నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆయనకి చేతకాక చెప్పలేదనుకున్నాను ఇన్నాళ్ళూ.

రాత్రి అన్నాల దగ్గర వంటావిడ అడిగింది, ఇంతకీ మీ అమ్మగారి ఊరు ఎంత దూరం అని. సైకిలు మీద మూడో రోజు వస్తుందన్నాను. సైకిలు సంగతి కాదు, బస్సులో ఎంతసేపు అంది.

అయిదు గంటలు అన్నాను.

ఆవిడ గరిటె కింద పెట్టింది. నాలుగు తిట్టి ఉంటే బావుండేది.

అయిదు గంటలు అక్కా. బస్టాండు మా వీధికి రెండు మలుపుల అవతలే. నేను కాపురానికొచ్చిన నాటి నుంచీ అక్కడే ఉంది. బ్రెడ్డుకి వెళ్ళినప్పుడల్లా బస్సుల హారన్లు వింటూనే ఉన్నాను. ఆయన నాకు తాళం వెయ్యలేదు, కాళ్ళు కట్టెయ్యలేదు. వద్దన్నారు, అంతే. ఒక్క మాట అడ్డం పెడితే దాన్ని దాటడానికి నేను ఖండాలు తిరిగి రావడానికి సిద్ధపడ్డాను. అమ్మ ఎముక విరిగి మూలుగుతుంటే, నేను ఇక్కడ సీటు మీద కూర్చోవడం నేర్చుకున్నాను. ఆయన మీద కోపం ఎప్పటికి చల్లారుతుందో తెలియదు. నా మీద నాకున్నది మాత్రం చల్లారేలా లేదు.

శనివారం పొద్దున బస్సుకి వస్తున్నాను. బట్టలు వంటావిడ వెళ్ళి తెచ్చింది. ఆయన తలుపు తీసి, సంచి గుమ్మంలో పెట్టి, వేసేసుకున్నారట. వచ్చాక ఎన్నాళ్ళుంటానో, ఆ తర్వాత ఏం చేస్తానో అడగకు. నాకే తెలియదు. ఎవరైనా అడిగితే మోకాలు చూపించు.

నేను రాసిన మొదటి ఉత్తరం అమ్మకి చదివావుగా, అది ఉంచు. రెండోదీ ఇదీ పొయ్యిలో పడేసి కాల్చెయ్. ఆయనకి భయపడి కాదు. అయిదు గంటల దూరం రావడానికి కూతురికి ఇంత కాలం పట్టిందని అమ్మకి తెలియకూడదు. మూడో రోజు దాకా ఆగలేక, ప్రపంచాన్ని వదిలేసి ముందే వచ్చేసిందని చెప్పు. అమ్మ నమ్ముతుంది. నమ్మనీ.

నీ చిన్నది