గొయ్యి పూడ్చవద్దన్నాను

1957 జులై, సోమవారం

నా పేరు కొల్లి పోలమ్మ. వయసు అరవై దాటిందంటారు, డెబ్బై అన్నా కాదనను. చోడవరం నుంచి వడ్డాది పోయే దారిలో ఇల్లు. ఇంట్లో నేను, కోడలు సింహాచలం, ఒక గేదె. కిందటి వారం దాకా నా కొడుకు సన్యాసి కూడా.

నాకు చదువు లేదు. చెబుతున్నది నేను, రాస్తున్నది మా వీధి పంతులమ్మ కామేశ్వరమ్మ. ఏ రోజు మాట ఆ రోజే రాయించుకో, కోర్టులో తడబడితే పట్టుకుంటారు అన్నాడు ప్లీడరు.

"తిట్లు కూడా రాయాలా పోలమ్మా?"

"తిట్లు ఒగ్గీ. మిగతాదంతా రాసీ."

మంగళవారం

సన్యాసి సంగతి.

ఆ పొద్దున్న అంబలి తాగి చెరకు చేనుకి నీళ్ళు కట్టడానికి వెళ్ళాడు. ఒళ్ళు చల్లగా ఉంది — చెంబు అందుకుంటూ చెయ్యి తగిలింది, నాకు తెలుసు. కాలవ మాకూ, పై చేను పెదనాయుడికీ ఒకటే. నీళ్ళ వంతు దగ్గర ఇద్దరికీ మాటా మాటా అయిందని పక్క చేనువాళ్ళు అన్నారు. ఇప్పుడు అడిగితే అనలేదంటున్నారు.

సాయంత్రం శవాన్ని నాయుడి బండి మీదే తెచ్చారు. దుప్పటి చుట్టి. "మాయజ్వరమే పోలమ్మా, ముట్టకు" అంటాడు నాయుడు, ముక్కుకి కండువా అడ్డం పెట్టుకుని, వాకిట్లోకి రాకుండా.

ఆ వారం ఊళ్ళో ఆ అంటుజ్వరంతో ఇంటికో మంచం పడింది. అందరూ నమ్మారు. మునసబు చావుల లెక్కలో జ్వరమనే రాశాడు. మా వైపు మాయరోగంతో పోయినవాళ్ళకి స్నానం చేయించరు, కాల్చరు. పాతిపెడతారు. అలాగే చేశారు.

నేను మాత్రం ముట్టాను. తలకి తలపాగా ఉంది. ముడి వెనక.

బుధవారం

ఆ ముడి గురించే ఆలోచన. ఆ రోజు విప్పి చూడాలని తట్టలేదు. వాడు ఎడం చెవి మీద వేస్తాడు ముడి, గడ్డం మొలిచినప్పటి నుంచీ అంతే. జ్వరంతో పడిపోయినవాడికి పక్కవాడు తలపాగా ఎందుకు కడతాడు... చల్లగాలి తగలకూడదనా? ఆషాఢం ఉక్కలోనా?

గురువారం

ఆసుపత్రికి వెళ్ళాను. శవాలను కోసే గదిలో బల్ల తీసేసి జ్వరం మంచాలు వేశారు. బల్ల బయట వానకు తడుస్తోంది. కోసే మనిషే ఒక మంచం మీద ఉన్నాడు, దగ్గుతూ.

డాక్టరు బాబు చిన్నవాడే. మూతికి గుడ్డ. కళ్ళు ఎర్రగా.

"ఈ రోజుల్లో కొయ్యడం లేదమ్మా. జ్వరంతో పోయిన మనిషి ఊపిరితిత్తులు తెరిస్తే నాకు అంటుకుంటుంది. నేను పడిపోతే ఈ మంచాలు ఎవరు చూస్తారు?"

ఆ మాటలో అబద్ధం లేదు.

"గుండెలొగ్గీ బాబూ. తల సూడు. నాకు తల ఒక్కటీ సాలు."

ఆయన గుడ్డ కిందికి లాగి నా వైపు చూశాడు. తాసిల్దారు ఉత్తర్వు లేకుండా గొయ్యి తవ్వకూడదన్నాడు. తెస్తే చేస్తావా అన్నాను. కాదనలేదు.

శుక్రవారం

కోడలు ఏడుస్తోంది. "పూడ్సినోణ్ణి మళ్ళీ తీత్తారా అత్తా? ఒగ్గీ." అన్నం ముట్టలేదు. నేనూ ముట్టలేదు. గేదెకి మాత్రం కుడితి పెట్టాం.

శనివారం

తాసిల్దారు గారు జ్వరం నుంచి లేచి ఇంటి అరుగు మీద కూర్చుని కాగితాలు చూస్తున్నారు. కచేరీలో మనుషులు లేరట.

"మునసబు జ్వరమని రాశాడు కదమ్మా."

"జ్వరమని రాసేరు కాబట్టే పాతేరు బాబూ. పాతేరు కాబట్టే నా కొడుకు ఇంకా ఉన్నాడు. పాము కరిసిందని సెప్పుంటే ఆరోజే కాలిపోయీవోడు. ఆ తెలివి నాయుడికి లేకపోయింది."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. సంతకం పెట్టారు.

ఆదివారం

వాన. గొయ్యి మీద తాటాకులు కప్పి వచ్చాను.

సోమవారం

నాయుడు వచ్చాడు, వెనకాల నలుగురు. "ముసిల్దానా, జ్వరపోణ్ణి బయటికి తీత్తే ఊరంతా అంటుకుంటాది. నీకేటి, పోయీదానివి."

"బండి మీదకి నువ్వే ఎత్తేవు కదా నాయుడూ. నీకు తుమ్మయినా రాలేదేటి?"

వెనకున్నవాళ్ళలో ఒకడు నవ్వాపుకున్నాడు. వెళ్ళిపోయారు.

నవ్వు సరే. నిజంగా జ్వరమే అయితే... డాక్టరు పడిపోతే... ఇది కూడా రాయమన్నాను. పంతులమ్మ కలం ఆపి, మళ్ళీ రాసింది.

మంగళవారం

కోడలు పెరట్లో మామిడి కట్టెలు బండికి ఎత్తుతోంది. నేను చెప్పలేదు. జ్వరం కాదని తేలితే ఈసారి కాల్చుకోవచ్చు — అది తనకీ తట్టింది. కట్టెలు తడవకుండా తన దుప్పటి కప్పింది.

బుధవారం

ఇక్కడే, గొయ్యి దగ్గర, కట్టెల బండి మీద కూర్చుని చెబుతున్నాను.

గొయ్యి తెరిచాక, గదిలో వద్దని శవాన్ని ఆరుబయటే పెట్టాడు డాక్టరు. తాటాకు దడి కట్టించి, గాలి వీపు వైపు నుంచి వచ్చేలా నిలబడ్డాడు. కోతకి సాయం ఎవరూ రాలేదు. చేతులకి రబ్బరు తొడుగులు, మూతికి రెండు గుడ్డలు. ముందు నన్ను పిలిచాడు.

"ముడి చూపించమ్మా."

చూపించాను. వెనకే ఉంది. ఆయనే విప్పాడు. గుడ్డ ఊడి రాలేదు, నీళ్ళు పోసి తీశాడు. కింద ఏముందో నాకు తెలియలేదు. మట్టీ జుట్టూ ఒకటైపోయాయి.

"చర్మం చెప్పే రోజులు దాటిపోయాయి. ఎముక చూడాలి. నువ్వెళ్ళి కూర్చో" అన్నాడు.

నాయుడి మనుషులు గట్టు మీద ఉన్నారు. వాన వచ్చేలా ఉంది, గొయ్యి పూడ్చేయండని అరుస్తున్నారు. పూడ్చవద్దన్నాను. జ్వరమంటే వాడు తిరిగి అందులోకే. కాదంటే కట్టెల మీదికి. రెండు దారులూ తెరిచే ఉన్నాయి.

దడి వెనక చప్పుడు ఆగింది. డాక్టరు ఇంకా బయటికి రాలేదు. కోడలు నా చెయ్యి పట్టుకుంది. ఇంతవరకూ నేను చెప్పిందే. ముద్ర ఇప్పుడే వేస్తాను, ఆయన ఏం చెప్పినా నా మాట మారకుండా.

కొల్లి పోలమ్మ ఎడమ బొటనవేలి ముద్ర.
సాక్షులు: రాసిన కామేశ్వరమ్మ, కట్టెల బండి తోలిన గవరయ్య.