బండిలో పరిచిన తలగుడ్డలు

మార్కాపురం పలకల గని నుంచి మగ్దలీనక్కకు చెల్లెలు సామ్రాజ్యం వందనాలు. నా మెడనొప్పికి బెంగపడకు, ఈరోజు తట్ట మోయలేదు. గనిలోంచి మేం మోసే రాయిని పైకి లాగే బండిని మద్రాసు ఇంజనీరు కట్టి, నడిపి చూస్తున్నాడు. కుదుపులకు పలకలన్నీ పగులుతుంటే ఆయన ముఖం వాడిపోయింది. జాలేసి నా తలమీది గుడ్డచుట్ట విప్పి బండిలో పరిచాను. తట్టలు మోసే ఆడవాళ్లందరూ పరిచారు. ఈసారి ఒక్క పలకా పగల్లేదు. సంతోషం పట్టలేక చప్పట్లు కొట్టాం. అంతలో ముసలి ఎలీషబత్త, "ఇంక మనల్ని పనికెవురు పిలుస్తారే?" అనింది. చప్పట్లు ఆగిపోయాయి.

దొనకొండలో జొన్నకోతకు మనుషులు కావాలేమో బావను అడుగు. పిల్లోడి దగ్గు తగ్గిందా? ప్రభువు మిమ్మల్ని చల్లగా చూడాలి.

రేపు కూడా గుడ్డలు తెమ్మని ఇంజనీరు బతిమాలాడు. ఇవ్వకుండా ఎట్లుంటాం, అక్కా?