పరాయి చేతికే స్టార్టయ్యే కారు

అక్టోబర్ 2, బుధవారం

సెలవు. హైమవతి మెసేజ్ పెట్టింది. దసరాకి వస్తుందట, నా దగ్గరే నాలుగు రోజులుంటుందట. జూన్‌లో రిటైరై రాజమండ్రి వెళ్లిపోయాక దాని దగ్గర్నుంచి వచ్చిన మెసేజ్‌లు తక్కువ. అవి కూడా గుడ్ మార్నింగ్ పువ్వులే.

ఇద్దరిదీ నయాపూల్ కోర్టులో ఒకటే సెక్షన్, మలక్‌పేటలో ఒకటే వీధి. ఒక వారం దాని కారు, ఒక వారం నా కారు. ఒకరి రెండో తాళంచెవి ఇంకొకరి దగ్గర ఉండేది. సాయంత్రం ఎవరి పని ముందైపోతే వాళ్లు కారు తెచ్చి గేటు ముందు నిలబెట్టాలి, అదీ ఒప్పందం. ఊరు వెళ్లేటప్పుడు నాది నాకిచ్చేసింది. దానిది ఇవ్వబోతే, ఉంచవే, వచ్చినప్పుడు తీసుకుంటా అంది.

ఇవాళ ఆ తాళంచెవిని బీరువాలోంచి తీసి నా తాళాల గుత్తిలో వేసుకున్నాను. కళ్లముందుంటే మర్చిపోకుండా ఇచ్చేయొచ్చు.

సంతోషంగా ఉంది. రాసుకోవడానికి సిగ్గేం లేదు. నేను పెళ్లి చేసుకోలేదు, దాని వెనక పెద్ద కథా లేదు. రోజంతా నాతో ఊసులాడే మనిషి అదొక్కతే. అది వెళ్లాక కారులో ఎఫ్‌ఎం మాట్లాడుతోంది.

అక్టోబర్ 3, ఉదయం

కారు స్టార్ట్ కాలేదు. మీటర్ దగ్గర ఎర్రగా తాళంచెవి బొమ్మొకటి ఆరుతూ వెలుగుతూ ఉంది. ఇన్నేళ్లలో అక్కడ అలాంటి బొమ్మ ఉందనే నాకు తెలీదు. ఆటోలో వెళ్లాను.

అక్టోబర్ 4

చాదర్‌ఘాట్ షెడ్డు నుంచి మెకానిక్ బాలనర్సింహ వచ్చాడు. మా అమ్మ అనేది, ఇంటి తాళాల గుత్తి పరాయి చేతికిస్తే లక్ష్మి ఆ చేతి వెంటే పోతుందని. నాకు నమ్మకం లేదు, అలవాటు మాత్రం ఉంది. గుత్తిలోంచి కారు తాళంచెవి ఒక్కటే ఊడదీసి ఇచ్చాను. గోరు విరిగింది.

అతను ఇలా తిప్పాడు, అలా స్టార్టయింది. నావైపు చూసిన చూపు బాగాలేదు.

ఆ ఎర్ర బొమ్మ ఇమ్మొబిలైజర్‌ది అట. తాళంచెవి తలకాయలో చిన్న చిప్ ఉంటుందట, కారు దాన్ని గుర్తుపడితేనే ఇంజన్‌ని లేవనిస్తుందట, దొంగల భయానికి. బ్యాటరీ వైర్లు బిగించి వెళ్లాడు. తాళంచెవి మళ్లీ గుత్తిలో వేశాను.

అక్టోబర్ 5

స్టార్ట్ కాలేదు.

అక్టోబర్ 7

బాలనర్సింహ మళ్లీ వచ్చాడు. తాళంచెవి ఊడదీసి ఇచ్చాను. మళ్లీ అతని చేతిలో బుద్ధిగా స్టార్టయింది. షెడ్డుకి తీసుకెళ్లి స్కానర్ పెట్టి చూస్తే, తాళంచెవిని గుర్తుపట్టలేదని పాత తప్పులన్నీ అందులో ఉన్నాయట. కాబట్టి నేను కలలు కనడం లేదు. తాళం చుట్టూ ఉండే కాయిల్ మార్చాడు. మీ కారుకి మీకన్నా నేనంటేనే ఇష్టంలాగుందని నవ్వాడు. నేనూ నవ్వాను. ఆఫీసు పని తప్ప వేరే మాట నాతో ఎవరైనా మాట్లాడి చాలా రోజులైంది.

అక్టోబర్ 9

స్టార్ట్ కాలేదు. ఈ కారు గోల హైమకి చెబితే పొట్ట పట్టుకుని నవ్వేది. ఫోన్ తీశాను, మళ్లీ పెట్టేశాను. చెయ్యాలనుకుంటే అదే చేస్తుంది. అడగందే అమ్మయినా పెట్టదంటారు. నాకు అడగడం రాదు.

ఎలాగూ వస్తోందిగా.

అక్టోబర్ 11

రావడం లేదు. అల్లుడి తరఫు వాళ్లు వస్తున్నారట. మళ్లీసారి తప్పకుండా అని రాసి, పక్కన చేతులు జోడించిన బొమ్మ పెట్టింది. నాకు దండం పెట్టడం ఎప్పుడు నేర్చుకుందో.

దాని కోసం గోంగూర పచ్చడి నూరాను. నాకు గోంగూర పడదు.

అక్టోబర్ 12, దసరా

అపార్ట్‌మెంట్‌లో బండ్లన్నిటికీ పూజ. నా కారుకీ పసుపు, కుంకుమ, బంతిపూలు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి ఎక్కి కూర్చున్నాను. స్టార్ట్ కాలేదు. అందరూ చూస్తున్నారు. పై ఫ్లోర్ లక్ష్మీకాంతమ్మగారు అపశకునం అనకుండా ఆపుకోవడం స్పష్టంగా కనిపించింది. చివరికి నలుగురు కలిసి కారుని నిమ్మకాయల మీంచి తోశారు. నేను లోపల కూర్చుని స్టీరింగ్ పట్టుకున్నాను. ఇంట్లోకి వచ్చి గట్టిగా ఏడ్చాను. కారు కోసం కాదు.

అక్టోబర్ 14

బాలనర్సింహ వచ్చాడు. ఊడదీసి ఇచ్చాను, స్టార్టయింది. ఇక నా వల్ల కాదని దండం పెట్టి వెళ్లిపోతున్నాడు. తాళంచెవి గుత్తిలో వేసి నేను తిప్పి చూశాను. ఎర్ర బొమ్మ. గేటు దాకా పరిగెత్తి వెనక్కి పిలుచుకొచ్చాను.

ఈసారి నన్నే తిప్పమని కిటికీ పక్కన నిలబడ్డాడు. నా చేతినే చూస్తున్నాడు. తర్వాత గుత్తి అడిగాడు. అమ్మని తలుచుకుని ఇచ్చేశాను. నల్ల తలకాయ ఉన్న రెండో తాళంచెవి పట్టుకుని ఇదెవరిదన్నాడు. నా స్నేహితురాలి కారుదన్నాను.

"మేడమ్, గిదే లొల్లి. రెండు చిప్పులు ఒక్కతాన ఉంటే బండి పరేషాన్ అయితది. గామె చావి గామెకిచ్చెయ్యుండ్రి."

కాయిల్ ఉత్తగనే మార్చినానంటూ తల గోక్కున్నాడు. ఇన్ని రోజులూ గుత్తి అతని చేతికివ్వకుండా దాచుకుంది నేనే. ఆ మాటే చెప్పాను. ఇద్దరం నవ్వుకున్నాం.

ఇక ఫోన్ చెయ్యడానికి కారణం దొరికింది. సాయంత్రం చేశాను. చాలాసేపు మోగాక ఎత్తింది. వెనక ఎవరో పిల్లలు, టీవీ. జరిగిందంతా చెప్పి, నీ తాళంచెవి కొరియర్ చెయ్యనా, వచ్చి తీసుకుంటావా అని అడిగాను.

"ఆ కారా? ఆగస్టులోనే అమ్మేశాను కదే. నీకు చెప్పలేదూ?"

చెప్పలేదన్నాను. కొన్నాయన ఒక్క తాళంచెవితోనే తీసుకెళ్లాడట. నా దగ్గరున్నది పారెయ్యమంది. తర్వాత టిఫినేం చేశావని అడిగింది. ఉప్మా అన్నాను.

అది తాళంచెవి కోసమైనా వస్తుందనుకున్నాను. ఇంత బుద్ధి తక్కువ మనిషిని అనుకోలేదు.

అక్టోబర్ 15

కారు ఒక్క తిప్పుకే స్టార్టయింది.

అక్టోబర్ 20, ఆదివారం

పనేం లేకుండా కారు తీశాను. మలక్‌పేట బస్‌స్టాప్‌లో నా వయసున్న ఒకామె సంచి పట్టుకుని నిలబడి ఉంది. అద్దం దించి, రండి దింపుతాను అన్నాను. ఎటు పోతున్నారని అడిగింది. మీరెటంటే అటు అన్నాను. ఆమె సంచి పొట్టకి హత్తుకుని వెనక్కి జరిగింది.

రేపెవరైనా ఎటని అడిగితే పత్తర్‌గట్టి బజారుకని చెప్పాలి.