పద్దెనిమిది నిండినవారి ఇల్లు

కీర్తిశేషులు బొల్లం మొండయ్య గారి కుమార్తెను, అవివాహితను, అరవై ఏడేళ్లదానను, అశ్వారావుపేట వాస్తవ్యురాలను అయిన బొల్లం సునంద అను నేను, ఎవరి ఒత్తిడీ లేకుండా, పూర్తి తెలివితో వ్రాయిస్తున్న వీలునామా ఇది. మతి సరిగానే ఉన్నదని డాక్టరు సర్టిఫికెట్టు జతపరిచాను. మా అన్న కొడుకు హరిప్రసాద్‌కు ఆ విషయంలో అనుమానం ఉన్నది.

1. ఇరవై ఆరేళ్లు ఇక్కడి బాలికల సదనంలో వార్డెన్‌గా పనిచేశాను. పద్దెనిమిది నిండిన పిల్లకు పొద్దున కేసరి పెట్టి, మధ్యాహ్నం పెట్టె చేతికిచ్చి గేటు దాటించడం నా విధి. ఒక్కరోజు కూడా ఆలస్యం చేయలేదని ప్రశంసాపత్రం ఇచ్చారు. దానిని నాతోపాటు దహనం చేయవలెను.

2. నా స్వార్జితమైన నాలుగు గదుల ఇల్లు, పెరడుతో సహా, నా తదనంతరం పూనెం జంపక్కకు సర్వహక్కులతో చెందవలెను. కారణం చెప్పాలి. చర్ల అవతలి గూడెం నుంచి వచ్చిన ఆ పిల్లకు పుట్టిన తేదీ కాగితం లేదు. స్నేహితురాలి తరగతిలోనే కూర్చుంటానని ఏడిస్తే, రిజిస్టరులో వయసు రెండేళ్లు పెంచి రాసింది నేనే. ఎనిమిదేళ్లకు ఆ రిజిస్టరు ప్రకారం ఆమెకు పద్దెనిమిది నిండాయి. "మేడం, నాకు పదారే గదా, మీకెర్కనే గదా" అన్నది. ఎరుకే. అయినా కేసరి పెట్టాను.

మూడు వారాలు మనసాగక వెతికితే, పామాయిల్ తోటలో కూలీల రేకుల షెడ్డులో జ్వరంతో కనిపించింది. "ఈడ రిజిస్టర్ లేదు మేడం, గందుకే ఉండనిచ్చిన్రు" అన్నది. దెప్పలేదు, సంతోషంగానే చెప్పింది. ఆ రోజే ఇంటికి తెచ్చుకున్నాను. ఇప్పుడు పామాయిల్ ఫ్యాక్టరీలో లారీలు తూచే కాటా ఆపరేటరు.

3. షరతు: వెనుక రెండు గదులు సదనం నుంచి బయటికొచ్చిన ఆడపిల్లలకు ఎప్పుడూ తెరిచి ఉండవలెను. ఇప్పటికి తొమ్మిదిమంది ఉండి, పనులు దొరికి వెళ్లారు. ఎన్నాళ్లుంటావని గానీ, వయసెంతని గానీ అడగరాదు.

4. హరిప్రసాద్ వచ్చినప్పుడల్లా "అత్తా, గీ దిక్కులేనోళ్లకు పెడితె మాకేం మిగులుతది?" అని అడిగేవాడు. అతనికి నలభై మూడేళ్లు. నేటికీ తండ్రి కట్టిన మేడలో, తల్లి వడ్డిస్తేనే తింటాడు. తప్పు కాదు, పద్దెనిమిది నిండగానే పెట్టె సర్దుకోమనే నియమం అతనికి వర్తించలేదు. అతనికి ఏమీ రాయనిది కోపంతో కాదు, ఏ లోటూ లేనందువల్ల. కోపం కూడా కొంచెం ఉన్నది.

5. సదనం కమిటీ అధ్యక్షులు వెంకటరామారావు గారికి ఒక ఇనుప ట్రంకుపెట్టె. "వాళ్ల కాళ్ల మీద వాళ్లు నిలబడాలె" అని కారు దిగకుండానే సెలవిచ్చేవారు. వారు ఆ పెట్టె నెత్తిన పెట్టుకొని గేటు నుంచి బస్టాండు దాకా ఒక్కసారి నడవాలని నా కోరిక. షరతు కాదు.

6. సదనంలో పెరిగి, తల్లాడలో కాపురముంటున్న నాగలక్ష్మికి ఉయ్యాల, నా ఆకుపచ్చ గద్వాల చీర. తొలి కాన్పుకు పుట్టిల్లెక్కడని అత్తగారు అడిగితే, ఈ ఇంటి అడ్రసు చెప్పి బస్సెక్కింది. రెండో కాన్పుకూ రావలెను. జంపక్క మిరియాల చారు బాగా పెడుతుంది.

7. అమలు బాధ్యత సదనం పాత వాచ్‌మన్ పోతయ్యది. గేటు బయట ఏడ్చే పిల్లలకు నాకు తెలియకుండా చాయ్ పోసేవాడు. తెలిసే ఊరుకున్నాను. నేను చేసిన మంచిపనుల్లో అదొకటి.

8. బంధుత్వం గడి నింపడానికి, జంపక్క నాకు ఏమవుతుందని దస్తావేజు లేఖరి అడిగారు. నాకంటే ముందు ఆమే అన్నది: "ఆ గడి ఖాళీగ ఉంచున్రి సార్. ఎనుక వచ్చేటోళ్లు ఉన్నరు, ఇరుకైతది."

ఖాళీగానే ఉంచడమైనది.

తేదీ: 19 ఆగస్టు 2025, అశ్వారావుపేట.

(సంతకం) బొల్లం సునంద

సాక్షులు:
1. సోమ్లా, ఆటో డ్రైవరు
2. దూలయ్య, ఎదురింటి రైతు