నూట పన్నెండు

బుధవారం, రాత్రి

ఈ రాజోలు ఇంట్లో సిగ్నల్ లేదని తేలితేనే నన్ను హైదరాబాద్ ఆఫీసుకి పంపుతానన్నారు మావయ్యగారు; ఉంటే ఇంట్లోంచే పని చేసుకోవాలట. తేల్చాల్సింది, ఆఫీసు కోసం నేను పరీక్షిస్తున్న సిగ్నల్ యాప్. పొద్దున్న నా గదిలో తెరిస్తే మైనస్ డెబ్భై చూపించింది. అంటే బ్రహ్మాండం. అందులో సున్నాకి ఎంత దగ్గరైతే అంత మంచిది. ఆయన ఆ మైనస్‌ని ఉత్త గీత అనుకున్నారు.

"డెబ్భయ్యేనా? బాగా తక్కువుందమ్మా!" అన్నారు.

"ఆయ్, తక్కువేనండి," అన్నాను. నోరెలా వచ్చిందో! మధ్యాహ్నమంతా మనసులోనే బట్టలు సర్దేసుకున్నాను.

ఆయన ఊరుకుంటారా! నా ఫోన్ పట్టుకుని ఇల్లూ దొడ్డీ అంతా తిరిగారు. సాయంత్రం దొడ్లో కొబ్బరికాయలు పోసే కొట్టుగదిలోంచి ఒకటే కేక.

"నూట పన్నెండొచ్చిందమ్మా! ఇంక నువ్వెక్కడికీ వెళ్లక్కర్లేదు!"

నేను వెళ్లేసరికి కాయలన్నీ ఓ మూలకి తోయించి, నా బల్లా కుర్చీ వేయించేశారు. ఫ్యాను కూడా.

మైనస్ నూట పన్నెండంటే అక్కడ ఫోన్ మోగను కూడా మోగదు. ఆ మాట చెప్పాలంటే నా గదే మంచిదని చెప్పాలి. చెప్పినా ఇక్కడే, చెప్పకపోయినా ఇక్కడే.

రేపు ఆ బల్లకి కొబ్బరికాయ కొడతారట. కాయ నన్నే ఎంచుకోమన్నారు.