మూసే వేళయిందన్న మనిషి

మా గ్లెండాకు అమ్మ దీవెనలు. ఇక్కడ అందరం క్షేమమని రాయడం మర్యాద కాబట్టి రాస్తున్నాను. మీ నాన్న మోకాలి నొప్పి తగ్గింది. కింది అంతస్తు ఐవీకి మనవరాలు పుట్టింది. అబెర్డీన్ చలి ఎముకలు కొరుకుతోందన్నావు. నేనల్లిన స్వెట్టర్ పెట్టె అడుగున దాచకుండా వేసుకో.

నువ్వు టిక్కెట్లు పంపిన సినిమా, ఒకప్పుడు మన పేటను ఏలిన ముఠా కథ, చూశాం. "నాన్నకు నచ్చిందా? మన బెత్నల్ గ్రీన్ వీధులు ఎంత అందంగా తీశారో కదా?" అని అడిగావు. అందంగానే తీశారు. మెరిసే బూట్లు, మడత నలగని సూట్లు, ముఠా నాయకుడు నడిస్తే వెనకాల హుషారైన పాట. చూస్తున్నంతసేపూ నాకు ఒళ్ళు మండిపోయింది.

మధ్యలో పబ్బు సీను ఉంది కదా. గ్లాసులు తుడిచే పనివాడు "మూసే వేళయిందండీ" అంటాడు. నాయకుడు నవ్వుతూ అతని టై సరిచేసి, గడ్డం గీసే కత్తితో చెంప కోస్తాడు. హాలంతా నవ్వింది. మీ నాన్న నా చెయ్యి నొప్పిపుట్టేలా పట్టుకున్నాడు.

సినిమా అయ్యాక ప్రేక్షకుల్ని అభిప్రాయాలు చెప్పమన్నారు. "కొయ్యడం కూడా నాట్యంలా ఉంది" అందొక అమ్మాయి. అచ్చం ఆ నాయకుడిలా సూటు కుట్టించుకొచ్చిన ఒకడు లేచి, "రౌడీలే కావచ్చు, మామూలు జనం జోలికి మాత్రం పోలేదండీ. వాళ్ళున్న రోజుల్లో ఈ వీధుల్లో తలుపులు తీసుకునే పడుకునేవాళ్ళు" అన్నాడు. వాడికి పాతికేళ్ళుండవు.

నేను లేచాను. "ఊరుకో నోరా" అన్నాడు మీ నాన్న. ఊరుకోలేదు.

"ఏ వీధిలో పడుకున్నావు నాయనా నువ్వు? మా వీధిలో గడియ పెట్టి, దానికి బల్ల అడ్డం పెట్టుకుని పడుకున్నాం. గ్లాసులు తుడిచేవాడు మామూలు జనం కాడా?"

నీకు ఇంతకాలం దాచిన సంగతి ఇక చెప్పక తప్పదు తల్లీ. మీ నాన్న చెంప మీది గీత రేవులో గొలుసు తెగి తగిలింది కాదు. మా పెళ్ళికి ముందు ఆయన పబ్బులో పనిచేసేవాడు. మూసే వేళయిందన్నందుకు ఆ ముఠావాళ్ళు కోశారు. పబ్బు నిండా జనం. పోలీసులొస్తే అందరూ ఏమీ చూడలేదన్నారు. నువ్వు భయంతో పెరగకూడదని ఆయన నాచేత ఒట్టు వేయించుకున్నాడు. ఆ ఒట్టు నేను హాల్లోనే గట్టున పెట్టేశాను. "ఆ పనివాడు ఈయనే" అన్నాను.

అందరూ మా వైపు తిరిగారు. సిగ్గుపడ్డారనుకున్నాను. ఆ సూటువాడు పరుగున వచ్చి మీ నాన్న ముందు వంగాడు. "నిజంగా ఆ నాయకుడే కోశాడా సార్, తన చేత్తో? ఒక్క ఫోటో దిగుదాం. ఆ చెంప కొంచెం ఇటు తిప్పండి" అన్నాడు. వాడి వెనక ఇంకొందరు వరస కట్టారు.

వాడి కాలరు పట్టుకున్నాను గ్లెండా. ఇద్దరు వచ్చి విడదీశారు. అందుకు నాకేమీ సిగ్గు లేదు.

ఆ సీనుకు నువ్వూ పడి పడి నవ్వానని రాశావు. నీకు తెలియదని నాకు తెలుసు. అయినా నీ మీద కోపం రాలేదంటే అబద్ధమవుతుంది.

మర్నాడు మీ నాన్న టీ తాగుతూ అన్నాడు: "ఇన్నేళ్ళూ నా మొహం చూసి జనం చూపు తిప్పుకునేవాళ్ళు నోరా. అది అలవాటైపోయింది. నిన్న ముచ్చటపడి చూశారు."

అప్పటి నుంచి గడ్డం పెంచుతున్నాడు. గీత మీద మాత్రం వెంట్రుక మొలవడం లేదు.

ఇట్లు,
కోపం ఇంకా చల్లారని మీ అమ్మ
నోరా