కుండలో జీను

మేనల్లుడు తుర్‌స్తాన్‌కు, మీరు ముట్టడించిన కోటలోంచి మీ మామ స్వయంగా రాస్తున్నది. నలభై దాటాక నేర్చుకున్న అక్షరాలు, నవ్వకుండా చదువు.

నీ కబురు అందింది. రేపు చర్చి గంట కొట్టేలోగా చెప్పుల్లేకుండా, గుర్రపు జీను వీపున మోసుకొచ్చి డ్యూక్ ముందు గుర్రంలా వంగితే నా ప్రాణం దక్కుతుందన్నావు. లేదంటే గోడ కూలుస్తారన్నావు.

ఇదే డ్యూక్ ముందు మీ నాన్న జీను మోసిన రోజు నువ్వింకా పాలు తాగుతున్నావు. నేను పక్కనే ఉన్నాను. ఒకటే వాన. వంగిన మనిషి మీద డ్యూక్ నిజంగానే ఎక్కి కూర్చుని, "ఈ గుర్రం మరీ బక్కదిరా!" అన్నాడు. అందరూ నవ్వారు. బావ కూడా నవ్వాడు. ఆ నవ్వే నాకింకా మింగుడుపడలేదు. తర్వాత బతికిన పదకొండేళ్లూ ఆయన గుర్రమెక్కలేదు. ఎక్కడికైనా నడిచే వెళ్లాడు. మీ అమ్మనడుగు.

ఆ జీను నా దగ్గరే వదిలేశాడు. మా గుర్రాల్ని పోయిన వారమే తినేశాం. నిన్న వంటామె గున్నోర వచ్చి, "దొరా, కుండలో వేయడానికి ఇక మీ గడ్డమే మిగిలింది" అంది. జీను తీసిచ్చాను. కొయ్య పొయ్యిలోకి, తోలు కుండలోకి. "అచ్చం మీలాగే ఉంది దొరా, ఎంతకీ మెత్తబడదు" అని పొద్దుట్నుంచీ తిడుతోంది. అయినా ఇందాకే నమిలి మింగాను.

కాబట్టి డ్యూక్‌తో చెప్పు: జీను మోస్తున్నాను, కాకపోతే వీపున కాదు, కడుపులో. కావాలంటే గోడెక్కి వచ్చి తీసుకోమను.

నువ్వు మాత్రం వెనక వరసలో నిలబడు నాయనా. మీ నాన్న జీను తిన్నవాణ్ణి, నీ మీద కత్తి ఎత్తలేను.